నీటి మట్టం ఎంత?

బ్రెజిల్‌లోని మనౌస్ రేవులో ఒక గోడ ఉంది. దాని మీద సంవత్సరాలు, వాటి పక్కన మీటర్లలో అంకెలు ఉంటాయి. ఏ ఏడు నది ఎంతవరకు లేచిందో ఆ గోడ చెబుతుంది. ఈ రేవులో నీటి మట్టం లెక్క 1902 నుంచి ఉంది. అమెజాన్ అడవిలోకి క్రూయిజ్ ఎక్కడానికి వచ్చినవాళ్ళలో చాలామంది ఆ గోడ పక్కనుంచే నడిచిపోయి, రబ్బరు డబ్బుతో కట్టి 1896లో తెరిచిన ఒపేరా హౌస్ ముందు ఫొటోలు దిగుతారు. ఒపేరా హౌస్ బాగుంటుంది, కాదనను. కానీ ముందు చూడాల్సింది గోడే. 2021 జూన్‌లో నీళ్ళు 30.02 మీటర్లకు చేరాయి. అంతకు మించి ఎప్పుడూ రాలేదు. 2024 అక్టోబరులో 12.11 మీటర్లకు దిగిపోయాయి. అంత తక్కువా ఎప్పుడూ లేదు. ఇవి రికార్డులు, వీటి సంగతి చివర్లో చూద్దాం. ఏ విశేషమూ లేని ఏడాదిలో కూడా ఇక్కడ నది పది మీటర్లు లేచి, పది మీటర్లు దిగుతుంది. జూన్‌లో మీ పడవ తేలిన చోటే అక్టోబరులో నిలబడి తలెత్తితే, చెట్టు కాండాల మీద మూడంతస్తుల ఎత్తున పాత నీటి చార కనిపిస్తుంది.

ఇలాంటి ప్రయాణానికి బయలుదేరేవాళ్ళు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. జాగువార్ కనిపిస్తుందా? గులాబీ రంగు డాల్ఫిన్ కనిపిస్తుందా? ఊళ్ళలోకి తీసుకెళతారా? పడవ కంపెనీలు కూడా ఉదయం వన్యప్రాణులు, మధ్యాహ్నం గ్రామ సందర్శన అని రెండు పద్దుల కింద రాసి ఇస్తాయి. అడవి ఒక ప్రదర్శన, ఊరు ఇంకొకటి అన్నట్టు. నదికి ఈ విభజన తెలియదు. ఒకే నీళ్ళు చేపని చెట్ల మధ్యకి పంపుతాయి, జాగువార్‌ని కొమ్మ ఎక్కిస్తాయి, మనిషి చేత ఇంటి నేలని ఎత్తు చేయిస్తాయి.

వరద అంటే మన మనసులో మెదిలేది వేరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి 35 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు చూసినవాళ్ళు ఆ రోజుల్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. అమెజాన్ సముద్రంలో కలిపే నీరు ఏడాది సగటునే 70 లక్షల క్యూసెక్కుల పైమాట. గోదావరి చరిత్రలోకెల్లా పెద్ద వరద అక్కడి మామూలు రోజులో సగం. అయితే అసలు తేడా పరిమాణంలో లేదు, నడకలో ఉంది. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరికకీ మూడోదానికీ మధ్య కొన్నిసార్లు గంటలే గడువు. అమెజాన్ రోజుకి నాలుగైదు సెంటీమీటర్ల చొప్పున, నవంబరు నుంచి జూన్ దాకా, ఎవరినీ తొందరపెట్టకుండా లేస్తుంది. మనౌస్ నుంచి సముద్రం దాదాపు 1,500 కిలోమీటర్లు. నది వాలు కిలోమీటరుకి రెండు సెంటీమీటర్లకి అటూ ఇటూ. ఆండీస్ కొండల్లోనూ దక్షిణపు ఉపనదుల మీదా పడ్డ వాన ఇంత చదునైన నేల మీద కిందికి జారడానికి నెలలు పడుతుంది. అందుకే మనౌస్‌లో వానలు తగ్గాక, ఎండలు మొదలయ్యే జూన్‌లో, నది నిండుగా ఉంటుంది. వాన వెలిశాక వరద రావడం కొత్తవాళ్ళకి వింత. అక్కడివాళ్ళకి అది పంచాంగం.

మనౌస్ నుంచి కొద్ది దూరం దిగువకి వెళితే రెండు నదులు కలిసే చోటు వస్తుంది. ఒకటి సొలిమోయిస్ (ఎగువ అమెజాన్‌కి అక్కడి పేరు), ఒండ్రు కలిసి పాలు పోసిన కాఫీ రంగులో ఉంటుంది. రెండోది రియో నీగ్రో, పాలు పోయని టీ డికాక్షన్‌లా నల్లగా ఉంటుంది. ఆరేడు కిలోమీటర్ల పాటు ఇవి కలవకుండా పక్కపక్కనే పారతాయి. చాలా క్రూయిజులు ఇక్కడ ఆగుతాయి. కారణం మంత్రం కాదు. నల్లనీరు వెచ్చగా, నిదానంగా వస్తుంది. మట్టినీరు చల్లగా, బరువుగా, వేగంగా వస్తుంది. అలాంటి రెండింటికి కలవడానికి కొంత దూరం కావాలి. ఈ నదుల్ని నీటి రంగును బట్టి తెల్లవి, నల్లవి, తేటవి అని మొదట విడదీసి రాసినవాడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం చెప్పిన వాలెసే. రియో నీగ్రో మీద నమూనాలు సేకరిస్తూ తిరిగి, 1853లో ఆ సంగతి పుస్తకంగా వేశాడు.

రంగు తేడా వెనక నేల తేడా ఉంది. సొలిమోయిస్ ఆండీస్ కొండల్ని కోసుకుంటూ వస్తుంది. భూగర్భ శాస్త్రం లెక్కన అవి కుర్ర కొండలు. ఆ మట్టిలో ఖనిజ లవణాలు పుష్కలం. ప్రతి వరదా గట్టు మీద కొత్త ఒండ్రు పరిచి పోతుంది. రియో నీగ్రో పుట్టేది కోట్ల సంవత్సరాలుగా వానలకి కడుక్కుపోయిన పాత రాతి నేలల్లో, ఇసుక అడవుల్లో. అందులో కరగడానికి మిగిలింది కుళ్ళిన ఆకుల కషాయమే. ఆ నీరు ఆమ్లం, పీహెచ్ నాలుగైదు. పోషకాలు తక్కువ కాబట్టి దోమపిల్లలకీ అక్కడ బతుకు గడవదు. పడవ కంపెనీలు నల్లనది మీద ఎక్కువ తిప్పడానికి ఇదొక ముఖ్య కారణం, దోమలు పెద్దగా కుట్టవు. కానీ దోమలకి తిండి లేని చోట చేపలకీ, మనుషులకీ కూడా తిండి తక్కువే. నల్లనదుల్ని ఆకలి నదులని పిలిచే అలవాటు ఉంది. ఊళ్ళు, పంటలు, చేపలు, కొంగలు దట్టంగా ఉండేది మట్టినది ఒడ్డునే. ఒళ్ళు గోక్కోకుండా అమెజాన్ చూడాలంటే కొంచెం తక్కువ అమెజానే దొరుకుతుందన్నమాట. నన్నడిగితే దోమతెర సర్దుకుని సొలిమోయిస్ వైపు పొమ్మంటాను.

నీళ్ళు లేచాక ఏం జరుగుతుందో చూద్దాం. గట్టు దాటిన నది అడవిలోకి కిలోమీటర్ల కొద్దీ పాకుతుంది. మట్టినీరు ముంచే అడవి వార్జియా, నల్లనీరు ముంచేది ఇగపో. పల్లంలో ఉన్న చెట్లు ఏడాదిలో ఏడు నెలలకి పైగా నీళ్ళలో నిలబడతాయి. వేళ్ళకి ఆక్సిజన్ అందదు. చాలా చెట్లు ఆకు రాల్చి, ఎదుగుదల ఆపేసుకుంటాయి. ఉష్ణమండలంలో చలికాలం ఉండదు కాబట్టి చెట్ల కాండంలో ఏటి వలయాలు స్పష్టంగా ఉండవంటారు. వరద అడవి చెట్లలో ఉంటాయి. ఎదుగుదల ఆగిన ప్రతి వరదకీ ఒక గీత. చెట్టుని కోసి చూస్తే లోపల కూడా మనౌస్ గోడ లాంటి లెక్కే కనిపిస్తుంది.

ఈ చెట్లలో ఎన్నో సరిగ్గా వరదకాలంలోనే పళ్ళు రాలుస్తాయి. రాలిన పండు నేల మీద కాదు, నీళ్ళ మీద పడుతుంది. కింద చేపలు కాచుకుని ఉంటాయి. తంబాకి అనే పెద్ద చేప రబ్బరు గింజని సైతం పటుక్కున కొరికేస్తుంది. చేపలు అడవి పళ్ళు తిని బతుకుతాయన్న సంగతిని శాస్త్రలోకానికి వివరంగా చెప్పిన మైకేల్ గూల్డింగ్ పుస్తకం 1980లో వచ్చింది. పడవవాళ్ళకి మాత్రం అది తరతరాలుగా తెలుసు. వాళ్ళు గేలానికి పండే గుచ్చి, నీళ్ళ మీద పండు రాలిన చప్పుడు చేసి చేపని పిలుస్తారు. తంబాకి అన్ని గింజల్నీ నమలదు, కొన్ని అలాగే మింగేస్తుంది. పెరూలోని పకాయా-సమీరియా అభయారణ్యంలో రేడియో పరికరాలు కట్టి చూస్తే, ఒక తంబాకి గింజని అయిదు కిలోమీటర్లకి పైగా మోసుకుపోగలదని తేలింది. పెద్ద చేప ఎక్కువ గింజలు, ఎక్కువ దూరం మోస్తుంది. మార్కెట్టుకి కావలసిందీ పెద్ద చేపే. కాబట్టి వేట పెరిగితే తగ్గేది చేపలొక్కటే కాదు, యాభై ఏళ్ళ తర్వాత లేవాల్సిన చెట్లు కూడా.

తంబాకికి దగ్గరి చుట్టం ఒకటి మనకి బాగా తెలుసు. భీమవరం, ఏలూరు వైపు చెరువుల్లో పెంచి రూప్‌చంద్ పేరుతో అమ్మే చేప ఈ నదులదే. బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. నోరు తెరిచి చూస్తే మనిషి పళ్ళలాంటి పళ్ళు వరసగా ఉంటాయి. కొన్నవాళ్ళు భయపడేదీ, సోషల్ మీడియాలో ఫొటోలు తిరిగేదీ ఆ పళ్ళ వల్లే. చెరువులో మేత గుళికలు తినే చేపకి అంత గట్టి పళ్ళెందుకంటే, అవి ముంపు అడవిలో కాయల పెంకులు పగలగొట్టడానికి వచ్చిన పళ్ళు. మన చెరువులో వాటికి పని లేదు.

నీళ్ళు అడవిలోకి వెళ్ళినప్పుడు డాల్ఫిన్ కూడా వెళుతుంది. సముద్రపు డాల్ఫిన్లలో చాలావాటికి మెడ ఎముకలు అతుక్కుపోయి ఉంటాయి. బోటో అనే ఈ నది డాల్ఫిన్ మెడ ఎముకలు విడివిడిగా ఉంటాయి. తల అటూ ఇటూ తిప్పుతూ కాండాల సందుల్లో చేపల్ని పడుతుంది. గులాబీ రంగు ముఖ్యంగా ముదురు మగవాటిది. పోట్లాటల్లో చర్మం గీరుకుపోయి మచ్చలు పడ్డ కొద్దీ రంగు తేలుతుంది. మగవి కొన్నిసార్లు కట్టెపుల్లో, నీటి నాచో నోట కరచుకుని ఆడవాటి ముందు ఊపుతూ తిరుగుతాయి. జూన్ పండగ రాత్రుల్లో బోటో తెల్ల బట్టలు కట్టిన అందగాడిగా వచ్చి ఆడపిల్లల్ని మాయచేస్తాడని, తల మీది ముక్కురంధ్రం కనబడకుండా టోపీ తీయడని ఒడ్డున కథ. తండ్రి పేరు చెప్పలేని బిడ్డని బోటో బిడ్డ అనేవారు. ఊరి పరువు కాపాడటానికి డాల్ఫిన్ ఇంత సేవ చేసిందన్నమాట! అదే బోటోని చంపి, పిరకటింగా అనే చేపకి ఎరగా వాడటం ఇటీవలి దశాబ్దాల్లో పెరిగింది. ఆ చేప వేటని బ్రెజిల్ 2015 నుంచి నిషేధించాల్సి వచ్చింది.

జాగువార్ సంగతి మరీ చిత్రం. సొలిమోయిస్, జపురా నదుల మధ్య మమిరవా అనే ముంపు అడవి ఉంది. అక్కడి నేలంతా మూడు నాలుగు నెలలు నీట మునిగే ఉంటుంది. ఇంత పెద్ద పిల్లి ఆ కాలంలో గట్టు నేలలకి వలస పోతుందనే అనుకుంటాం. పరిశోధకులు మెడకి జీపీఎస్ పట్టీలు కట్టి చూస్తే, అవి ఎక్కడికీ పోలేదు. ఆ నెలలన్నీ చెట్ల కొమ్మల మీదే కాపురం. అక్కడే పిల్లల్ని కూడా పెంచుకుంటూ, చెట్ల మీద నింపాదిగా కదిలే స్లాత్‌లనీ మొసలి జాతి కైమన్లనీ తింటూ, చెట్టు నుంచి చెట్టుకి ఈదుకుంటూ గడిపేస్తాయి.

మమిరవా కథ మొదలైంది ఒక కోతితో. తెల్లటి జూలు, బట్టతల, మందారంలాంటి ఎర్రటి మొహం ఉన్న ఉవకారి కోతిని అధ్యయనం చేయడానికి జోసె మార్సియో ఐరెస్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త 1980లలో ఇక్కడికి వచ్చాడు. ఆయన ప్రయత్నం వల్ల 1990లో ఇది రక్షిత ప్రాంతం అయింది. అయితే అప్పటి చట్టం ప్రకారం అలాంటి చోట మనుషులు ఉండకూడదు. ఉన్నవాళ్ళని ఏం చేయాలి? ఐరెస్, ఆయన తోటివాళ్ళు పట్టుబట్టి చట్టాన్నే మార్పించారు. 1996లో మమిరవా బ్రెజిల్‌లో మొట్టమొదటి సుస్థిర అభివృద్ధి అభయారణ్యం అయింది. 11 లక్షల హెక్టార్లకి పైగా అడవి, అందులో ఊళ్ళు, ఊళ్ళకి వేట నిర్ణయాల్లో మాట. కోతిని కాపాడాలంటే మనిషిని ఖాళీ చేయించాలన్న ఆలోచనకి అది గట్టి దెబ్బ. మన దగ్గర పులుల అడవుల నుంచి గూడేల్ని తరలించే చర్చ జరిగినప్పుడల్లా ఈ ఉదాహరణ చెప్పుకోవడం మంచిది.

ఇంతకీ ఈ ఊళ్ళవాళ్ళు ఎవరు? క్రూయిజ్ దిగిన కెమెరాలు ఈకల కిరీటాల కోసం వెతుకుతాయి. ఎదురొచ్చేది ఫుట్‌బాల్ చొక్కా తొడుక్కున్న కుర్రాడు. నది ఒడ్డున బతికే ఈ రిబెయిరిన్యోలలో ఎక్కువమంది మిశ్రమ సంతతి. ఆదివాసులు, పోర్చుగీసువాళ్ళు, 1877 కరువులో ఈశాన్య బ్రెజిల్ నుంచి రబ్బరు పాలు గీయడానికి తరలివచ్చినవాళ్ళు, అందరి రక్తమూ ఉంది. 1876లో ఒక ఇంగ్లీషువాడు మోసుకుపోయిన రబ్బరు విత్తనాలు ఆసియాలో తోటలయ్యాయి. 1912 నాటికి అమెజాన్ రబ్బరు కుప్పకూలింది. దొరలు ఒపేరా హౌస్ వదిలి వెళ్ళిపోయారు. పాలు గీసినవాళ్ళు నది ఒడ్డునే ఉండిపోయి, చేప మీదా కర్రపెండలం మీదా బతకడం నేర్చుకున్నారు.

వాళ్ళ ఇళ్ళు చూస్తే నీటి లెక్క అర్థమవుతుంది. కొన్ని పొడవాటి కర్రల మీద నిలబడతాయి, కొన్ని దుంగల మీద తేలుతూ నదితో పాటు లేచి దిగుతాయి. వరద మరీ ఎక్కువైన ఏడు ఇంట్లోనే పలకలు వేసి నేలని ఎత్తు చేసుకుంటారు. తల పైకప్పుకి తగిలేదాకా నేల లేస్తూ పోతుంది. పశువులకి నీళ్ళ మీద మంచెలు కడతారు, గడ్డి పడవల్లో కోసుకొచ్చి పెడతారు. పాడైపోయిన దోనెని గుంజల మీదికెక్కించి, మట్టి నింపి, కొత్తిమీర, ఉల్లికాడలు పెంచుతారు. కూర వండుకోవడానికి కొత్తిమీర పడవలోంచే తుంచుతారు. ముంపు ఊళ్ళలో బడి సెలవులు కూడా నీటిని చూసుకునే.

కర్రపెండలం పుట్టిల్లు ఈ అమెజాన్ ప్రాంతమే. సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యంగా మారే దుంప ఇక్కడినుంచే లోకమంతా పాకింది. ఇక్కడ ఎక్కువగా వాడేది చేదు రకం. అందులో సయనైడ్ ఉంటుంది. దుంపని తురిమి, ఈతాకు బుట్టలా అల్లిన పొడవాటి గొట్టంలో కూరి, గొట్టాన్ని సాగదీసి రసం పిండేస్తారు. పిండిని పెద్ద పెనం మీద గంటలకొద్దీ వేయించి ఫరీన్యా చేస్తారు. ఆ వేడికి మిగిలిన విషం ఎగిరిపోతుంది. ముంపు నేలలో వేసేవాళ్ళు ఆరు నెలల్లో ఊరే రకాలు ఎంచుకుంటారు. నీళ్ళు రెండు వారాలు ముందొస్తే పచ్చిదుంపే పీకి, రాత్రీ పగలూ వేయించాలి. గ్రామ సందర్శనలో చూపించే ఫరీన్యా ప్రదర్శన వెనక ఈ పరుగుపందెం ఉందని గైడ్లు అరుదుగా చెబుతారు.

కొన్ని రేవుల్లో పిల్లలు స్లాత్‌ని ఎత్తుకుని ఎదురొస్తారు. ఫొటోకి డబ్బు. స్లాత్ నవ్వుతున్నట్టే ఉంటుంది, దాని మూతి కుదురే అంత. అడవిలోంచి పట్టుకొచ్చి చేతులు మార్చే ఆ జంతువు ఎక్కువ కాలం బతకదు. బ్రెజిల్ చట్టం దీన్ని ఒప్పుకోదు. ఆ ఫొటో దిగకండి. పిల్లవాడి మీద కోప్పడకండి, అతనికి ఆ బేరం నేర్పింది ముందొచ్చిన పడవలవాళ్ళే.

ఇప్పుడు ఈ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రాణి దగ్గరికి వద్దాం. పిరరుకు మూడు మీటర్ల దాకా, 200 కిలోల దాకా పెరిగే చేప. ఆక్సిజన్ తక్కువగా ఉండే నిలవ నీళ్ళలో బతుకుతుంది కాబట్టి మొప్పలతో దానికి సరిపోదు. అయిదు నుంచి ఇరవై నిమిషాలకోసారి పైకొచ్చి, గాలి మింగి, బుడుంగున మునగాలి. దాని ప్రాణానికి వచ్చిన ముప్పు అంతా అక్కడే. పైకొచ్చిన క్షణాన బల్లెం దిగుతుంది. ఇరవయ్యో శతాబ్దం చివరికి చాలా చోట్ల పెద్ద పిరరుకు కనిపించడం మానేసింది. 1996లో అమెజోనాస్ రాష్ట్రంలో దాని వాణిజ్య వేటని నిషేధించారు.

ఊపిరి కోసం పైకొచ్చే చేపని చంపడం తేలికైతే, లెక్కపెట్టడం కూడా తేలికే కదా. ఈ మాట మమిరవా జాలరులది. ఏ చేప పైకొచ్చిందో, అది పిల్లదో పెద్దదో, ఇందాకటిదేనో కొత్తదో వాళ్ళు చప్పుడుని బట్టీ అలని బట్టీ చెప్పగలమన్నారు. శాస్త్రవేత్తలకి నమ్మకం కుదరలేదు. లియాండ్రో కస్టెలో అనే పరిశోధకుడు పరీక్ష పెట్టాడు. ముందు జాలరుల చేత లెక్క చెప్పించి, తర్వాత మరో పద్ధతిలో చెరువులోని చేపల్ని అంచనా వేసి పోల్చాడు. అనుభవం ఉన్న జాలరుల లెక్కలు దాదాపు సరిపోయాయి. ఆ ఫలితం 2004లో అచ్చయింది. చేపలకి గుర్తులు కట్టి వదిలే పద్ధతితో పోలిస్తే ఇది ఎన్నో రెట్లు చవక, ఎన్నో రెట్లు త్వరగా అయ్యేది.

లెక్క జరిగే తీరు ఇది. నీళ్ళు దిగి చెరువులు విడివడ్డాక, దోనెల్లో జాలరులు చెరువుని పంచుకుంటారు. మాటలుండవు. ఇరవై నిమిషాలు ఎవరి వంతు నీటిని వాళ్ళు చూస్తారు. మీటరు నుంచి మీటరున్నర లోపువి ఒక పద్దు, అంతకన్నా పెద్దవి రెండో పద్దు. తర్వాత ముందుకి జరిగి మళ్ళీ ఇరవై నిమిషాలు. ఆ అంకెలు ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఇబామాకి వెళతాయి. పెద్దవాటిలో 30 శాతానికి మించకుండా కోటా వస్తుంది. మిగతావి వచ్చే ఏటికి. ఈ పద్ధతి 1999లో మమిరవాలో మొదలై ఇతర నదులకి పాకింది. జురువా నది మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. ఊళ్ళు కాపలా కాసే చెరువుల్లో సగటున 305 పిరరుకులు, ఎవరైనా వేటాడుకోగల చెరువుల్లో సగటున తొమ్మిది. కాపలా అంటే నిజంగా కాపలాయే. చెరువు నోటి దగ్గర తేలే గుడిసె, వంతులవారీగా రాత్రి నిద్ర మానుకునే కుటుంబాలు, తుపాకీతో వచ్చే దొంగ వేటగాళ్ళు. క్రూయిజ్ డెక్ మీదనుంచి మీరు చూసే కొంగలూ కైమన్లూ తాబేళ్ళూ చాలాచోట్ల ఈ కాపలా నీడలోనే బతుకుతున్నాయి. గ్రామ సందర్శనకి వెళ్ళినప్పుడు పూసల దండలు కొనండి, తప్పులేదు. దాంతోపాటు ఈ చెరువు ఎవరు కాస్తున్నారని కూడా అడగండి.

ఈ ఏర్పాటంతా నడిచేది నీళ్ళు సమయానికి లేచి, సమయానికి, ఒక హద్దులో దిగుతాయన్న నమ్మకం మీద. 2023లో అవి హద్దు దాటి దిగాయి. సెప్టెంబరు చివర్లో, మమిరవాకి దగ్గర్లోని టెఫే సరస్సు చాలా చోట్ల మోకాలి లోతుకి వచ్చింది. ఎండ నేరుగా అడుగుదాకా కాచింది. బురదనీరు ఆ వేడిని పట్టుకుంది. నీటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. కొద్ది వారాల్లో 150కి పైగా డాల్ఫిన్లు చచ్చిపోయి తేలాయి. ఆ అక్టోబరులో మనౌస్ మట్టం అప్పటికి రికార్డు కనిష్ఠం, 12.70 మీటర్లు. మరుసటి ఏడే అదీ చెరిగిపోయింది. తేలే ఇళ్ళు ఎండిన బురద మీద ఒరిగి కూర్చున్నాయి. రోడ్డు లేని చోట పడవ ఆగిందంటే బడి, ఆస్పత్రి, తాగే నీళ్ళు అన్నీ ఆగినట్టే. జనం ఇసుక మేటల మీద కిలోమీటర్లు నడిచి డబ్బాలతో నీళ్ళు మోశారు.

పిరరుకు చెరువుల దగ్గర ఇబ్బంది ఇంకో రకంగా వచ్చింది. చెరువులో చేపలున్నాయి. లెక్క అయింది, కోటా కాగితం చేతికొచ్చింది. కానీ వంద కిలోల చేపని పట్టాక గంటల్లో మంచులో పెట్టాలి, ఆ మంచు తెచ్చే పడవ చెరువు దాకా రావడానికి కాలవలో నీళ్ళు లేవు.